షష్టిపూర్తి డిస్కు

నేను చేసిన అల్లరి ఇంతవరకు ఎవరూ పట్టుకోలేదు. కావాలంటే తెనాలిలో రైలెక్కి రేపల్లె దాకా ప్రతి పెట్టెలోనూ అడగండి, ఆదాముగారి అమ్మాయి స్వర్ణలత చేసిన పని ఒక్కటైనా బయటపడిందా అని. లేదనే చెబుతారు. ఆ తర్వాత చర్చి గడియారం ముందుకు తిప్పి పాస్టరుగారి ప్రసంగం సగంలో ఆపించింది నేనేనని, యలమంద బాబాయి ఫోన్లో రింగ్‌టోన్ తీసేసి మేక అరుపు పెట్టింది నేనేనని, ఆ మేక ఎవరి పెళ్ళి చూపుల్లో అరిచిందో కూడా వాళ్ళే చెబుతారు.

కాబట్టి మొదటి వాక్యం కొట్టేయండి.

అయితే ఒక్క పని మాత్రం ఆ ఎండాకాలమంతా నిజంగానే ఎవరికీ దొరకలేదు. దొరికి ఉంటే బాగుండేది.

నాన్నకు తెనాలిలో ఫోటో స్టూడియో ఉంది. పెళ్ళిళ్ళు ఆయన తీస్తాడు, ఎడిటింగ్ నేను చేస్తాను. ఈ వృత్తిలో పైకి చెప్పకూడని రహస్యం ఒకటుంది. పెళ్ళి వీడియో ఎవరూ చూడరు. మేమిచ్చిన పెన్‌డ్రైవ్‌ను బీరువాలో నగల పక్కన పెట్టి, నగల్ని మాత్రం గుర్తుంచుకుంటారు. మళ్ళీ ఆ ఇంట్లో ఎవరైనా పోయినప్పుడు పరిగెత్తుకొస్తారు. మా తమ్ముడి పెళ్ళిలో మా నాన్న నవ్వుతూ నడిచొచ్చాడు, ఆ ముక్క ఉందా అన్నా, అంటారు. దండ వేయడానికి వాళ్ళకు ఆధార్ కార్డు మీది మొహం పనికిరాదు. అందుకని నాన్న తాను తీసిందేదీ చెరపడు. మా ఇంట్లో బియ్యం డబ్బాలకన్నా హార్డ్ డిస్కులే ఎక్కువ. అమ్మ ఒకసారి కందిపప్పు కోసం డబ్బా మూత తీస్తే, అమృతలూరు మండలంలో పదేళ్ళలో జరిగిన పెళ్ళిళ్ళన్నీ బయటపడ్డాయి.

ధరణిచక్ర అనే కంపెనీ షేరు మీద నాన్నకు ప్రేమ కలగడానికి కారణం ఇదే. ఆ కంపెనీ డేటా దాచే పరికరాలు చేస్తుంది. కొత్తగా ఒక డిస్కు తెచ్చింది. అరచేతిలో ఇమిడిపోయే రేకు పెట్టె, లోపల గాజు బిళ్ళ. చదివే మెషీన్లో తోస్తే ఎక్కుతుంది, నొక్కితే బయటికొస్తుంది. ఒకసారి రాస్తే మళ్ళీ చెరగదు, కరెంటు అక్కర్లేదు, నీళ్ళలో పడినా ఏమీ కాదు, మనవల మనవలు చూసుకోవచ్చు అని కంపెనీ వాళ్ళు చెప్పారు. నాన్న కళ్ళ ముందు మనవల మనవలు కనిపించారు. నాకింకా పెళ్ళే కాలేదు.

ఆదివారం చర్చి అయ్యాక స్టూడియోలో ముగ్గురు చేరేవారు. నాన్న ఒకరు. రేపల్లె నుంచి యలమంద బాబాయి, రొయ్యల మేత వ్యాపారం ఆయనది. మూడోవారు బాపట్ల నుంచి రైల్లో వచ్చే అనంతకృష్ణ మాస్టారు. కాలేజీలో పిల్లలకు నేలల గురించి పాఠాలు చెప్పి రిటైరయ్యారు, ఆ అలవాటుతో మట్టిని తప్ప దేన్నీ నమ్మరు. మాస్టారి షష్టిపూర్తి నాన్నే తీశాడు. ఆ రోజు భోజనాల బంతిలో షేర్ల మీద మొదలైన వాదన ఏళ్ళు గడిచినా తెగలేదు. ధరణిచక్ర షేర్లు ముగ్గురి దగ్గరా ఉన్నాయి. నాన్న ఇంకా కొందామంటాడు. మాస్టారు అమ్మేద్దామంటారు. యలమంద బాబాయి ఎవరి గొంతు పెద్దదైతే వాళ్ళవైపు.

"పెళ్ళికి ఇప్పుడు డ్రోన్లే మూడు ఎగురుతున్నాయి మాస్టారూ," అనేవాడు నాన్న. "ఈ సరుకంతా ఎక్కడ పెడతామండి? నాకే ఇంత బాధగా ఉంటే, ఆ డేటా సెంటర్ల వాళ్ళ సంగతేంటి?"

"పెట్టే సంగతి సరేనండి, తీసే సంగతి చెప్పండి," అనేవారు మాస్టారు. "ఆ డిస్కు చదవాలంటే వాళ్ళ మెషీనే కావాలి. రేపు కంపెనీ వాళ్ళు చేతులెత్తేస్తే మీ దగ్గర డిస్కు ఉంటుంది, చదివేది ఉండదు. అప్పుడు దాన్ని టీ గ్లాసు కింద పెట్టుకోవాలి."

ఒక్కోసారి మాస్టారితో లలితాంబగారు కూడా వచ్చేవారు. ఆయన భార్య. ఆవిడకూ నాకూ వయసులో నలభై ఏళ్ళకు పైనే తేడా, బుద్ధిలో ఏమీ లేదు. మాస్టారి టిఫిన్ క్యారియర్లో రబ్బరు బల్లి పెట్టడం నాకు నేర్పింది ఆవిడే. నేను ఆవిడ కళ్ళజోడో చేతిసంచో దాస్తే వెతికేవారు కాదు. నా ముందుకొచ్చి, నవ్వుతూ అరచెయ్యి చాపేవారు. నేను ఇచ్చేసేదాన్ని. మా మధ్య రూలు అది. ఇక ఆవిడ గొంతు సంగతి. బాపట్లలో ఆవిడ మాస్టార్ని కాఫీకి పిలిస్తే తెనాలి ప్లాట్‌ఫారం మీద పడుకున్న కుక్కలు లేచి కాఫీకి బయల్దేరేవి.

ఎండలు ముదురుతున్న రోజుల్లో, ఏజెన్సీ తీసుకుంటాడేమోనని కంపెనీ వాళ్ళు నాన్నకు ఒక మెషీను, రెండు డిస్కులు పంపారు, వాడి చూడమని. ఆ ఆదివారం మాస్టారు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, నా షష్టిపూర్తి వీడియో ఇందులోకి ఎక్కించండి, నీళ్ళలో వేసి తీసి చూద్దాం, ఆడితే అమ్మకం మాట ఇక ఎత్తను, అన్నారు. నాన్న సంతోషంగా సరేనన్నాడు.

"కానీ మీ దగ్గరున్నది తీసేయాలి," అన్నారు మాస్టారు. "మాకిచ్చిన పెన్‌డ్రైవ్ ఎప్పుడో పాడైంది. ఇంకో కాపీ పక్కన పెట్టుకుని నమ్మకమంటే నేనెలా ఒప్పుకుంటానండి?"

నాన్న వీడియోను డిస్కులోకి ఎక్కించాడు. దాని మీద కాగితం అంటించి తన చేత్తో పేరు రాశాడు. ఆ తర్వాత, జీవితంలో ఏ పెళ్ళీ చెరపని మనిషి, అందరూ చూస్తుండగా హార్డ్ డిస్కులోంచి ఆ ఒక్కటీ చెరిపేశాడు. లలితాంబగారు దగ్గుతూ నవ్వారు. ఎండాకాలం దగ్గు అని ఆవిడే అన్నారు.

"నీళ్ళలో పోతే పోయింది, మళ్ళీ చేసుకుందాం లెండి," అన్నారు. "నాకేం, పట్టుచీర తయారుగా ఉంది."

నీళ్ళ పరీక్ష వచ్చే ఆదివారానికి పెట్టుకున్నారు. నాకు వారం రోజుల టైము ఇచ్చారన్నమాట. తప్పు వాళ్ళదే.

ఖాళీగా ఉన్న రెండో డిస్కు విప్పాను. గాజు బిళ్ళను గిన్నెలు తోమే పీచుతో రుద్దాను. దానంత శుభ్రంగా మా ఇంట్లో ఏ గిన్నే లేదు. మొదటి డిస్కు మీది కాగితం ఒలిచి దీనికి అంటించాను. నా పథకం చిన్నది. ఇది ఆడదు, ముగ్గురి మొహాలూ పాలిపోతాయి, టీ వస్తుంది, టీ ఇచ్చే నెపంతో వెళ్ళి మాస్టారి చెవి వెనక నుంచి అసలు డిస్కు తీస్తాను. తర్వాత వందేళ్ళు చెప్పుకుంటారు. డిస్కు గ్యారంటీ కూడా అంతేగా.

ఆదివారం వచ్చింది. లలితాంబగారు దగ్గు ఎక్కువై రాలేదు. స్నానాల గదిలో బకెట్టు తెచ్చి స్టూడియో మధ్యలో పెట్టారు. నాన్న డిస్కును మూడు వేళ్ళతో పట్టుకుని, పసిబిడ్డకు బాప్తిస్మం ఇస్తున్నట్టు నీళ్ళలోకి దింపాడు. వాళ్ళు ఇడ్లీ తిన్నారు. తీసి తుడిచి మెషీన్లో పెట్టారు. ఎర్ర లైటు వెలిగింది.

నాన్న బయటికి తీశాడు. జేబురుమాలుతో తుడిచాడు. మళ్ళీ పెట్టాడు. ఎర్ర లైటు. తీసి చొక్కాకు తుడిచాడు. మళ్ళీ ఎర్ర లైటు. యలమంద బాబాయి చప్పుడు కాకుండా ఫోను తీసి షేరు రేటు చూడబోయాడు, ఆదివారమని గుర్తొచ్చి లోపల పెట్టుకున్నాడు. మాస్టారు నెగ్గారు కదా, నవ్వుతారనుకున్నాను. ఆయన బకెట్టులోకి చూస్తున్నారు. వీడియో నీళ్ళలో ఇంకా ఎక్కడైనా తేలుతూ ఉందేమోనన్నట్టు చూస్తున్నారు.

అప్పుడు నాన్న లేచి నిలబడి రెండు చేతులూ జోడించాడు.

"మీ పెళ్ళి పోగొట్టాను మాస్టారూ," అన్నాడు.

పెళ్ళిళ్ళలో నాన్న మొహం ఎవరికీ కనిపించదు, కెమెరా వెనక ఉంటుంది. నాకూ ఇంట్లో అంతే, ఏదో ఒకదాని వెనక ఉండేది. అడ్డం లేకుండా ఆ మొహాన్ని చూడటం నాకు అదే మొదటిసారి. అసలు డిస్కు నా కుర్తా జేబులో ఉంది. దాని మీద నా చెయ్యి కూడా ఉంది. టీ వచ్చింది. అందరికీ ఇచ్చాను. చెయ్యి మళ్ళీ జేబులోకి వెళ్ళింది, వెళ్ళి అక్కడే ఉండిపోయింది.

పొద్దున్నే చెబుదామనుకున్నాను. నేను లేచేసరికి నాన్న ఆ మెషీనునూ చెడిపోయిన డిస్కునూ కొరియర్లో కంపెనీకి పంపించేసి వచ్చి, మొహం కడుక్కుంటున్నాడు. ఏజెన్సీ వద్దని రాసేశాడట. రెండో డిస్కు ఏదని అడిగితే నేనే ఎక్కడో పోగొట్టానని చెప్పాను. నా మీద ఆయనకు అప్పటికే ఉన్న అభిప్రాయం వల్ల వెంటనే నమ్మాడు.

ముగ్గురూ షేర్లు అమ్మేశారు. ఆ తర్వాత షేరు పడింది, లేచింది, మళ్ళీ పడింది. మా బకెట్టు సంగతి దానికెవరూ చెప్పలేదు. ఆదివారాలు ఆగిపోయాయి. మాస్టారు రావడం మానేశారు, నాన్న పిలవడం మానేశాడు. ఒక్క యలమంద బాబాయి రెండు మూడు వారాలు వచ్చి, ఎవరి గొంతూ లేకపోవడంతో ఏమనుకోవాలో తెలియక వెళ్ళిపోయాడు.

రోహిణి ఎండల్లో మాస్టారు ఫోను చేశారు. లలితాంబగారి దగ్గు ఎండాకాలం దగ్గు కాదట. గుంటూరులో ఆపరేషను చేసి గొంతులో స్వరపేటిక తీసేశారట. ఇంటికి తీసుకొచ్చాం, మనిషి బాగానే ఉంది, మాట ఇక రాదు, అన్నారు.

నాన్నా నేనూ బత్తాయిలు తీసుకుని బాపట్ల వెళ్ళాం. డిస్కు నా హ్యాండ్‌బ్యాగులో ఉంది. బకెట్టు రోజు నుంచీ అది బయటికి ఎక్కడికెళ్ళినా నాతోనే వస్తోంది. ఇంట్లో పెడితే నాన్న చూస్తాడని.

ఆవిడ మెడకు మెత్తటి గుడ్డ కట్టుకుని మంచం మీద కూర్చుని ఉన్నారు. నన్ను చూడగానే కళ్ళు చికిలించి, మాస్టారి వైపు తల ఊపారు. మాస్టారు కళ్ళజోడు కోసం ఇల్లంతా వెతుకుతున్నారు. అది ఆవిడ దిండు కింద ఉంది. నా కోసమే దాచిపెట్టి ఉంచారు.

నేను బత్తాయి ఒలుస్తూ కూర్చున్నాను. కాసేపటికి ఆవిడ చూపుడువేలు గాల్లో గుండ్రంగా తిప్పారు. తర్వాత గొంతు చూపించారు. తర్వాత చెవి.

"ఆ షష్టిపూర్తిలో తన మాట ఒక్కసారి వినిపించమంటోంది," అన్నారు మాస్టారు. "రోజూ ఇదే. పందెం వేసి నేనే పోగొట్టానే అని చెప్పాను. నమ్మదండీ."

నాన్న నేల చూస్తూ, ఇంట్లో హార్డ్ డిస్కులన్నీ మళ్ళీ వెతుకుతానని చెప్పాడు. అప్పటికే రెండుసార్లు వెతికాడు, నాకు తెలుసు.

లలితాంబగారు వాళ్ళ వైపు చూడలేదు. నా వైపు చూశారు. చూసి, నవ్వుతూ, అరచెయ్యి చాపారు.

ఆవిడకు ఎలా తెలిసిందో నాకు తెలియదు. తెలిసి చాపారో, ఆశపడి చాపారో కూడా తెలియదు. బ్యాగు నా ఒళ్ళోనే ఉంది. నాన్న నా పక్కనే ఉన్నాడు. నేను ఆవిడ అరచేతిలో ఒక బత్తాయి తొన పెట్టాను.

ఆవిడ దానివైపు ఒక్క క్షణం చూశారు. తర్వాత భుజాలు కదిలేలా నవ్వారు, చప్పుడు లేదు. తొన నోట్లో వేసుకున్నారు.

వచ్చేటప్పుడు రైల్లో నాకు నేను చాలా బాగా చెప్పుకున్నాను. డిస్కు ఉంది, చదివే మెషీను లేదు, ఇచ్చి ఏం లాభం, ముందు మెషీను సంపాదించి అప్పుడు గొంతు వినిపిస్తాను, అందరూ ఆశ్చర్యపోతారు, అని. నాన్నతో ఒక్క మాట చెబితే, ఆయన కంపెనీకి ఒక్క ఫోను చేస్తే, మెషీను మళ్ళీ వచ్చేది. అది చెప్పకుండా ఉండటానికి నేను పడిన కష్టం ఎవరైనా చదువుకు పడి ఉంటే కలెక్టరు అయ్యేవాళ్ళు. హైదరాబాదులో ఎవరో పాత మెషీను అమ్ముతానన్నాడని దాచుకున్న డబ్బంతా పంపాను. ఏదో ప్రింటరు వచ్చింది. ఒంగోలులో ఒకాయన దగ్గర ఉందంటే, అమ్మతో సినిమాకని చెప్పి వెళ్ళాను. ఆయన అప్పటికే కంపెనీకి తిరిగి ఇచ్చేశాడు. మెషీను ఉందని నాకు కచ్చితంగా తెలిసిన మనిషి ఒక్కడే, అనుదీప్. బాపట్లలోనే స్టూడియో, లలితాంబగారి ఇంటికి రెండు వీధుల అవతల. కానీ అతను నాన్న దగ్గర పని నేర్చుకున్నవాడు. నేను అడిగితే సాయంత్రానికల్లా నాన్నకు తెలుస్తుంది. అందుకని అతన్ని తప్ప అందర్నీ అడిగాను.

మొదటి వానలు పడ్డాక మాస్టారి ఫోను వచ్చింది. నాన్న ఎత్తాడు. అయ్యో అనలేదు. ఎప్పుడండి, అని మాత్రం అడిగాడు.

తర్వాత నాలుగు రోజులకు మళ్ళీ ఫోను. పెద్దకర్మకు ఫోటో కావాలి, నవ్వుతున్నది ఏదైనా ఉందా, అని. నవ్వుతున్నవన్నీ ఆ వీడియోలోనే ఉన్నాయి. మా దగ్గర మిగిలింది పాస్‌పోర్టు ఫోటో ఒకటి. అందులో ఆవిడ ఎవరో తెలియనట్టు మనల్ని చూస్తూ ఉంటారు. మధ్యాహ్నమంతా నాన్న ఆ మూతిని కంప్యూటర్లో కొంచెం నవ్వించాలని చూశాడు. నవ్వు కుదరక ఆయన మళ్ళీ మొదటికి రావడం చూసి నేను బయటికొచ్చి బాపట్ల రైలెక్కాను.

అనుదీప్ షాపులో ఉన్నాడు. ఆ మెషీను ఒకసారి వాడుకుంటానని అడిగాను. ఎందుకని అడగలేదు. అల్మరా పైనుంచి దించి, దుమ్ము దులిపాడు.

"దీన్నెవరూ వాడట్లేదక్కా. కావాలంటే తీసుకెళ్ళిపో," అని టిఫిన్‌కు వెళ్ళాడు.

డిస్కు తోశాను. పచ్చ లైటు వెలిగింది. మాస్టారు తాళిబొట్టు ముడి వేస్తున్నారు, కళ్ళజోడు జారిపోతోంది. లలితాంబగారు వెనక్కి తిరిగి, మైకు అవసరం లేని ఆ గొంతుతో, ఈసారైనా తిన్నగా వేయండి, మొదటిసారి వేసింది ఇప్పటికీ వదులే, అని పకపకా నవ్వారు. బంధువులంతా నవ్వారు. కెమెరా కొంచెం ఊగింది, అంటే నాన్న కూడా నవ్వాడు. షాపు తలుపు తెరిచే ఉంది. రెండు వీధుల అవతలికి వినపడేంత గొంతే అది. ఒక వారం ముందు అయితే.

ఆ నవ్వు దగ్గర ఆపి, బొమ్మ తీసి, అక్కడే ప్రింటు వేయించాను. ఫ్రేము కట్టించి పెద్దకర్మకు ముందురోజు మాస్టారింట్లో ఇచ్చి వచ్చాను. చావింట్లో ఇది ఎక్కడిదని ఎవరడుగుతారు, అనుకున్నాను. అది నా ఆఖరి తెలివి.

పెద్దకర్మ రోజు ఆ ఫోటోకు చామంతి దండ వేసి కుర్చీలో పెట్టారు. భోజనాలకు వచ్చినవాళ్ళు దాని ముందు ఆగి, అచ్చం ఆవిడేనండీ, అంటున్నారు. నాన్న కూడా వచ్చి ఆగాడు. మిగతావాళ్ళు ముందుకు కదిలారు, ఆయన కదల్లేదు. ఫోటో అంచున అరటి ఆకు కొస ఒకటి మసకగా అడ్డొచ్చింది. ఆ రోజు అరటి బోదె పక్కన స్టూలు ఎక్కి తీసింది ఆయనే.

"ఇది నేను తీసింది," అన్నాడు నాన్న, ఎవరితోనో కాదు.

మాస్టారు లేచి వచ్చారు. గుండు చేయించుకున్న ఆయన చిన్నపిల్లాడిలా ఉన్నారు. ఫోటో వైపు, నాన్న వైపు, చివరికి నా వైపు చూశారు. కోపం లేదు. ఏదో లెక్క సరిపోవడం లేదన్నట్టు చూశారు.

"స్వర్ణమ్మా, ఇది ఆ వీడియోలోది కదమ్మా."



"అవునండి," అన్నాను. "బకెట్టులో వేసింది ఆ వీడియో ఉన్న డిస్కు కాదు మాస్టారూ. అది ఖాళీ డిస్కు. పీచుతో గీకి, పేరు మార్చి అంటించింది నేనే. మిమ్మల్ని కాసేపు ఏడిపించి ఇచ్చేద్దామనుకున్నాను. అసలుది పాడవలేదు. నాన్న చెప్పింది నిజమే."

నాన్న గోడకు ఆనుకున్నాడు. నేను బ్యాగులోంచి డిస్కు తీశాను. మాస్టారు అరచెయ్యి చాపారు, ఆ ఇంట్లో అందరికీ అదే అలవాటో ఏమో. నేను డిస్కును ఆ చేతిలో పెట్టాను. ఆయన దాన్ని తిప్పి చూశారు, బొటనవేలితో ఒకసారి తుడిచారు.

"అది చెయ్యి చాపినరోజు ఇదెక్కడుందమ్మా?"

"నా ఒళ్ళో, బ్యాగులో ఉందండి," అన్నాను.